మా అక్క బొట్టు పెట్టిన చిప్పు

ప్రపంచమంతా చిప్పుల కరువు వచ్చిన ఏడాది, మొదటి దెబ్బ దూరదేశాల్లో కార్ల ఫ్యాక్టరీలకు తగిలిందని పేపర్లు రాశాయి. రెండో దెబ్బ ఎవరికి తగిలిందో ఏ పేపరూ రాయలేదు. బోధన్‌కూ కోటగిరికీ మధ్య ఒక ఊర్లో, వసారాలో నులక మంచం మీద కూర్చున్న మా బావకు తగిలింది. కార్ల కంపెనీల గోడు వినడానికి ప్రభుత్వాలున్నాయి. మా బావ గోడు వినడానికి నిజామాబాద్‌లో ఒక సర్కారు బడిలో సోషల్ పాఠాలు చెప్పుకునే బామ్మర్ది ఒక్కడే ఉన్నాడు. వాణ్ని నేనే.

బావ పుట్టుకతో చెరుకు రైతు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక పసుపు రైతయ్యాడు. కాలువ గట్టు మీద జారి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాక మంచం రైతయ్యాడు. డాక్టర్లు తొడలో ఉక్కు రాడ్డు వేశారు. ఆపరేషన్ రోజున దాని పొడవు జానెడు. బావ చెప్పగా చెప్పగా అది పెరుగుతూ వచ్చి, ఇప్పుడు ఆయన ఎత్తు దాటి రైలుపట్టా అంతయింది. రాడ్డు ఎంత పెరిగినా డాక్టరు చెప్పిన మాట మాత్రం మారలేదు: ఇక గట్లు ఎక్కొద్దు.

ఆయన చేను ఇంటికి మైలు దూరం. మధ్యలో ఏడు గట్లు, ఒక కాలువ, దాటేవాళ్లకు పరీక్ష పెట్టి గానీ పాస్ చేయని ఒక దున్నపోతు. అవన్నీ దాటితే రెండెకరాల పసుపు, ఒక బోరు. గట్లు ఎక్కలేని మనిషికి అది చంద్రమండలంతో సమానం. అయితే బావ దగ్గర మొబైల్ స్టార్టర్ ఉంది. బోరు పక్కన స్తంభానికి బిగించిన ఇనుప డబ్బా. లోపల ఒక సిమ్ కార్డు ఉంటుంది. ఇక్కడ మంచం మీంచి ఫోన్ కొడితే అక్కడ మోటారు తిరుగుతుంది. తిరిగాక ఆ డబ్బా తిరిగి మనకే ఫోన్ చేసి, ఆడగొంతుతో, వార్తలు చదివినట్టు, "మీ మోటారు ప్రారంభమైనది" అని చెప్తుంది.

అలా బావ వ్యవసాయమంతా కుడిచేతి బొటనవేలి కొసకు వచ్చి నిలబడింది. ఎక్కడ నిలబడితేనేం, నిలబడిందా లేదా అన్నదే ఆయనకు ముఖ్యం. పొద్దున్నే స్నానం చేసి, తువ్వాల తలకు చుట్టి, చేనుకు పోయే మనిషిలాగే తయారై మంచం మీద కూర్చునేవాడు. ఫోన్ కొట్టేవాడు. ఆ గొంతు వినపడగానే, "మంచిదమ్మా" అనేవాడు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మళ్లీ కొట్టేవాడు, మళ్లీ మంచిదమ్మా.

"నేను మూడుసార్లు పిలిస్తే ఒక్కసారి పలుకడు తమ్మీ. గా డబ్బా ఒక్కసారి మాట్లాడితే మంచిదమ్మా అంటడు" అని అక్క నా దగ్గర మొత్తుకునేది. ఆ గొంతుకు సవతి అని పేరు పెట్టింది. కూరగాయలు తరుగుతూ, "ఏమయ్యా, సవతి ఫోన్ జేసిందా? ఏమన్నది? నీళ్లు దాగిందటనా పసుపు?" అని అడిగేది. బావ మీసం దువ్వుకునేవాడు. ఆ వయసులో ఆ మంచం మీద అంతకు మించిన సరసం ఇంకేం దొరుకుతుంది?

ఇక మా అక్క చేతి పసుపు గురించి చెప్పాలి. పండించే ఇల్లు కదా, లోటెందుకు చేస్తుంది. నా పెళ్లికి ఆమె పెట్టిన నలుగు దెబ్బకు మొదటి ఏడాదంతా ఏ డాక్టరు నన్ను చూసినా కామెర్లకు మందు రాశాడు. ఆమె ఇంట్లో గడపలకు అసలు రంగేమిటో కట్టినవాడికే తెలియాలి. దసరా ఆయుధ పూజ వస్తే అడ్డూ అదుపూ ఉండదు. కొడవలి, పార, గ్రైండరు, గ్యాస్ సిలిండరు, నా స్కూటీ, ఒకసారి నేను కునుకు తీస్తుండగా నా కళ్లద్దాలు. నిద్ర లేచి చూస్తే లోకమంతా పచ్చగా, సస్యశ్యామలంగా కనపడింది.

మొబైల్ స్టార్టర్ కొన్న రోజున బావ మూత తీసి ఆమెకు లోపలి సరుకు చూపించాడట. పచ్చ బోర్డు మీద గోరంత నల్ల పెంక. "అసలు పనిజేసేది గిదే. మిగతదంత ఉత్త డబ్బా" అన్నాడట. అక్క ఆ మాట మనసులో పెట్టుకుంది. దసరా నాడు పూజ పళ్లెం పట్టుకుని, ఏడు గట్లూ దున్నపోతునూ దాటి బోరు దగ్గరకు పోయింది. మెయిన్ బందు చేసింది. ఏడాది పొడుగునా కష్టపడేది లోపలి పెంక, బొట్టు మాత్రం పైన డబ్బాకా? ఇదెక్కడి న్యాయం అనుకుంది. మూత తీసింది. కలిపిన పసుపు, ఉంగరం వేలితో నిండుగా, ఆ చిప్పుకే పెట్టింది. దాని మీద కుంకుమ. దాని మీద నాలుగు అక్షింతలు. కొబ్బరినీళ్లు కూడా చల్లిందో లేదో ఈరోజు వరకూ స్పష్టమైన సమాధానం లేదు.

మూత పెట్టి, మెయిన్ వేసి, ఇంటికి వచ్చింది. ఆ సాయంత్రం బావ ఫోన్ కొట్టాడు. డబ్బా తిరిగి చేసింది. "మీ మోటారు ప్రా" అంది. అంతే. ఆ తర్వాత సవతి నోరు విప్పలేదు.

*

మర్నాటి నుంచి అక్క పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చేనుకు నడిచి పోయి పక్కనున్న పాత స్టార్టర్ బటను చేత్తో నొక్కి వచ్చేది. మధ్యలో కరెంటు పోతే మళ్లీ పోవాలి. ఆమె మోకాళ్లు బావ రాడ్డు కంటే పాతవి. వసారాలో కూర్చున్న బావకు అక్క వీధి మలుపు దగ్గర మోకాళ్లు పట్టుకుని ఆగడం కనపడేది. నేను ఆదివారం వెళ్లేసరికి తలకు తువ్వాల లేదు. స్నానమూ అయినట్టు లేదు.

"పక్క చేను ఆసామి అచ్చి పోయిండు బామ్మర్ది" అన్నాడు. "ఉన్న పసుపును సగం పాలుకు జూస్తడట. అచ్చే యాడాది కెళ్లి మొత్తం కౌలుకు. దీపావళి నాడు అస్తనన్నడు మాట తీస్కపోనీకి."

"నువ్వేమన్నవ్ బావా?"

"ఏమంట? మీ అక్కను గట్ల నడిపియ్యాల్నా? దీపావళి దాకా సూస్త. డబ్బా బాగైతే సరి. లేకుంటే గీ మంచానికి రైతెందుకు, పడుకునేటోడు సాలు."

ఈ చివరి మాట నవ్వుతూనే అన్నాడు. నేను నవ్వలేదు. మామూలుగా నేను నవ్వనిది ఏదీ ఉండదు, సంతాప సభల్లో నన్ను వెనక కూర్చోబెడతారు. డబ్బా తీసి సంచీలో వేసుకుని నిజామాబాద్ బస్సెక్కాను.

బస్టాండు వెనక సందులో ఒక మెకానిక్ భాయ్ ఉన్నాడు. ఆయన దుకాణంలో ఇద్దరు నిలబడితే మూడోవాడు ఊపిరి బయట వదిలి లోపలికి రావాలి. రేడియో నుంచి స్టార్టర్ దాకా అన్నింటికీ ఆయనే పెద్దాసుపత్రి. డబ్బా మూత తీశాడు. అద్దం కంటికి పెట్టుకున్నాడు. చాలాసేపు చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూశాడు.

"సార్, గిదేంది? బిర్యానీల పడ్డదా?"

నేను తొంగి చూశాను. చిప్పు కాళ్ల మధ్య ఎండి గట్టిపడ్డ పసుపు. ఒక మూల ఒకే ఒక అక్షింత గింజ. సంతకం అక్కర్లేదు, ఆ వేలిముద్ర నాకు పుట్టిన దగ్గర్నుంచి తెలుసు. ఆ బొట్టు నా నుదుటి మీద ఎన్నిసార్లు పడిందో లెక్కలేదు.

"భాయ్, ఈ సంగతి నీకు నాకు తప్ప మూడో మనిషికి తెలవద్దు" అన్నాను.

"ఎవరు జేసిన్రు సార్?"

"భక్తులు."

భాయ్ చాలా మర్యాదస్థుడు, నవ్వును దగ్గులోకి మార్చుకున్నాడు. చిప్పు కాలిపోయిందన్నాడు. కొత్తది కావాలంటే బజార్లో దొరకదట. ఖాళీ చిప్పు దొరికినా లాభం లేదు, దానిలో కంపెనీవాళ్లే ప్రోగ్రాం రాసి, ఏం చేయాలో, ఏం మాట్లాడాలో పాఠం చెప్పి పంపాలి. కంపెనీకి ఫోన్ చేస్తే, కొత్త డబ్బాలూ లేవు, చిప్పులూ లేవు, సముద్రం అవతలి నుంచి రావడం లేదు, ఎప్పుడొస్తాయో చెప్పలేం అన్నారు.

"సార్, గీ గోరంత పెంక కోసం కార్ల కంపెనీలే లైన్ల నిలబడ్డయి. మన నంబరు ఎప్పుడస్తది?" అన్నాడు భాయ్.

*

ఇప్పుడు బావకు ఏం చెప్పాలి? పసుపు సంగతి చెప్తే అక్క తట్టుకోలేదు. చేను పోయిందని కాదు, తన చేతి పసుపే దాన్ని పోగొట్టిందని. కాబట్టి నేరాన్ని మా అక్క వేలి మీంచి తీసి వేరే ఎక్కడైనా పెట్టాలి. ఎంత దూరం పెడితే అంత మంచిది. మరుసటి ఆదివారం బడి నుంచి ప్రపంచ పటం చుట్ట చుట్టుకుని బస్సెక్కాను. కండక్టరు దానికి లగేజీ టికెట్ కొట్టబోయాడు. ప్రపంచాన్ని మోస్తున్నవాడికి ఆ మాత్రం రాయితీ ఉండాలని వాదించి గెలిచాను.

వసారా గోడకు పటం తగిలించి, బావకు పాఠం మొదలుపెట్టాను. అక్క ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ కూర్చుంది.

"ఇదిగో బావా, చైనా పక్కన సముద్రంలో ఈ గింజంత దీవి. తైవాన్. ప్రపంచంలో మంచి మంచి చిప్పులన్నీ ఎక్కువగా ఇక్కడే చేస్తరు. చైనా ఇది నాదంటది. కాదని అమెరికా తన యుద్ధ ఓడలను ఆ పక్క నుంచి తిప్పుతది. అన్నింటికంటే సన్నపని చిప్పులు చేసే మిషను నెదర్లాండ్స్‌ల తయారైతది, ఇగో ఇక్కడ. ఆ మిషన్లు చైనాకు అమ్మొద్దని అమెరికా పట్టుబడ్డది. చిప్పుల తయారీకి వాడే మందులు, పొడులు జపాన్ నుంచి. కరోనాల అందరూ ఇంట్ల కూసోని కంప్యూటర్లు కొన్నరు, ఫ్యాక్టరీలు తట్టుకోలేకపోయినయి. మనది పాతరకం చిప్పే, కానీ పాతరకాలకే ఎక్కువ కరువు. అందుకే కంపెనీవాళ్లు నాసిరకం చిప్పు పెట్టిన్రు, నీ డబ్బా పడ్డది."

ఈ చివరి వాక్యం తప్ప మిగతాదంతా నిజమే. ఒక్క అబద్ధాన్ని దాచడానికి అంత నిజం ఖర్చు పెట్టినవాణ్ని నేనొక్కణ్నే అయ్యుంటాను.

బావ పటం వైపు కళ్లార్పకుండా చూశాడు.

"అన్ని దేశాలకు గా ఒక్కటే దీవా?"

"దాదాపు అంతే."

"అరే, గిది మన చక్కెర ఫ్యాక్టరీ కథనే గదరా!" అని మంచం మీద నిటారుగా కూర్చున్నాడు. వారంలో మొదటిసారి. "మా అందరి చెరుకు గా ఒక్క ఫ్యాక్టరీకే రాసిచ్చినం. నరుకుమని పర్మిట్ అస్తేనే నరకాలె. ఇంకోతాన అమ్మనీకి లేదు, గానుగ వెట్టనీకి లేదు. బతుకంతా గా పొగగొట్టం దిక్కు సూసుడే. ఒక దినం పొగ రాలే. చెరుకు చేన్లనే పూత వెట్టింది. గప్పుడు మేం ఎడ్డోళ్లమనుకున్న బామ్మర్ది. దునియ మొత్తం ఎడ్డిదేనా!"

ఇరవై ఏళ్లుగా సోషల్ చెప్తున్నాను. ఇంత మంచి జవాబు ఒక్క పరీక్ష పేపర్లో చూడలేదు.

అక్క చాటలోంచి తలెత్తి, "ఇంకో ఫ్యాక్టరీ ఎందుకు వెట్టుకోరు తమ్మీ?" అంది.

"పెడుతున్నరు అక్కా. అమెరికా పెడుతున్నది, జపాన్ పెడుతున్నది, మనోళ్లు కూడా పెడ్తమంటున్నరు. టైమ్ పడ్తది."

"మన మూతవడ్డ ఫ్యాక్టరీ జాగల వెట్టుమను. జాగ ఉత్తగనే ఉన్నది, పొగగొట్టం సుత ఉన్నది" అంది.

అప్పటి నుంచి సెలవు దొరికినప్పుడల్లా పాఠం. బావ మళ్లీ స్నానం చేసి తువ్వాల చుట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు, చేనుకు కాదు, క్లాసుకు. వారం మధ్యలో ఫోన్ చేసి, "అమెరికాయన ఏమన్నడు? చైనాయన తగ్గిండా?" అని పాలివాళ్ల తగాదా గురించి అడిగినట్టు అడిగేవాడు. కానీ క్యాలెండరులో దీపావళి కాగితం దగ్గర పడుతూనే ఉంది. అక్క నడుస్తూనే ఉంది.

ఆ పై ఆదివారం నేను చెప్పకుండా ఉండాల్సింది ఒకటి చెప్పాను. ఆ దీవిలో ఆ ఏడాది వానలు లేవనీ, చిప్పులు కడగడానికి ఫ్యాక్టరీలకు చెరువులకు చెరువులు నీళ్లు కావాలనీ, అందుకని అక్కడి సర్కారు చాలాచోట్ల వరి పొలాలకు కాలువ నీళ్లు బందు పెట్టి, రైతులకు పరిహారం ఇచ్చి ఊరుకోబెట్టిందనీ.

అక్క చేతిలో బీడీ ఆకు సగం చుట్టి ఆగిపోయింది.

"అంటే" అన్నాడు బావ మెల్లగా, "గాడ ఒగాయన పొలం ఎండవెట్టి చేసిన పెంకతోని ఈడ నేను నా పసుపు తడుపుకుంటున్ననా?"

"అట్ల అనుకోవద్దు బావా..."

"ఇంకెట్ల అనుకోవాలె? పరిహారం ఇచ్చిన్రంటవ్. పైసలిచ్చి కూసోమంటే కూసుంటడా రైతు? గాయన సుత గిట్లనే మంచం మీద కూసోని కాలువ దిక్కు సూస్తుండొచ్చు." తన తొడ నిమురుకుంటూ, "గాయనకు కాలు మంచిగున్నదో లేదో" అన్నాడు.

ఆ రోజు నాకు హాస్యం రాలేదు. పటం చుట్టకుండానే గోడకు వదిలేసి వచ్చాను.

*

దీపావళికి రెండు రోజుల ముందు భాయ్ ఫోన్ చేశాడు.

"సార్, తైవాన్ వద్దు, అమెరికా వద్దు. ధర్మాబాద్‌ల మా మామ పాత సామాన్ల దుకాన్ల మీ కంపెనీదే డబ్బా దొరికింది. పిడుగు వడి కరెంటు భాగమంత మాడింది, చిప్పు దిక్కు సల్లగ ఉన్నది. ఆ చిప్పు తీసి మీ బోర్డుల పెట్టిన. నడుస్తున్నది. గని ఒక్కటే సంగతి..."

సంగతి వినకుండానే నేను స్కూటీ తీశాను. మహాశక్తులు ఒకదాన్నొకటి చూసి కళ్లెర్రజేసుకుంటుంటే, రాష్ట్రం సరిహద్దు దాటి ఓ గంట ప్రయాణంలో, తుక్కు ఇనుములోంచి మా బావ చిప్పు వచ్చింది. దీపావళి నాడు పొద్దున నేనే ఏడు గట్లు దాటి, దున్నపోతుకు నా ఉద్యోగం, కులగోత్రాలు చెప్పుకుని, డబ్బా స్తంభానికి బిగించి వచ్చాను.

వచ్చేసరికి పక్క చేను ఆసామి వసారాలో కూర్చుని ఉన్నాడు, మాట తీసుకుపోవడానికి. అక్క గడపలో నిలబడి ఉంది. బావ తలకు తువ్వాల, చేతిలో ఫోన్. బొటనవేలు పంచెకు తుడుచుకున్నాడు. నొక్కాడు. అందరం ఆ ఫోన్ వైపు చూశాం. రాకెట్ ఎగరేసేవాళ్లు కూడా అంత ఊపిరి బిగబట్టరు.

ఫోన్ మోగింది. బావ స్పీకర్ పెట్టాడు. కొత్త ఆడగొంతు, గట్టిగా, సంతలో మిరపకాయలు అమ్మినట్టు:

"మోటర్ చాలూ ఝాలీ ఆహే."

భాయ్ చెప్పబోయిన ఒక్క సంగతి అదన్నమాట. చిప్పుతో పాటు దాని మరాఠీ కూడా సరిహద్దు దాటి వచ్చింది. బావ ముఖంలో ముందు ఆశ్చర్యం, తర్వాత ముప్పై ఏళ్ల వెనకటి వెలుగు. చెరుకు నరకడానికి గుంపులు గుంపులుగా వచ్చిన మరాఠీ వాళ్లతో ఎన్ని సీజన్లు గడిపాడో.

"బరె, బాయీ, బరె!" అన్నాడు ఫోన్‌లోకి, ఊరంతా వినపడేట్టు. ఆ పాత మంచిదమ్మానే, మరాఠీలో.

అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "పాత సవతి తెలుగుదన్న ఉండె! ఇగ గీమె ఏమంటున్నదో నాకు సుత తెల్వకుండ అయింది!" అని నవ్వుతూ గడప మీదే కూలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో కాసేపు తేలలేదు. రెండు చేతులతో మోకాళ్లు నిమురుకుంటోంది.

పక్క చేను ఆసామి మంచి మనిషి. మిఠాయి తిని, "సగం పాలు ముచ్చట మల్ల సూద్దాం తియ్యి" అని లేచి పోయాడు. ఆ మల్ల ఇప్పటిదాకా రాలేదు.

అక్క లోపలికి పోయాక నేను పటం చుట్టడానికి లేచాను. బావ గొంతు తగ్గించి, "బామ్మర్ది, పసుపు సంగతి ఎప్పుడు జెప్తవా అని సూస్తున్న" అన్నాడు.

నా చేతిలో ఆసియా ఖండం జారింది.

"నీకెట్ల తెలుసు?"

"గా దినమే మురుసుకుంట అచ్చి చెప్పింది, లోపలి పెంకకు సుత బొట్టు వెట్టిన అని. అరగంటకు డబ్బా వడ్డది. నాకు తెల్వదా? చెప్తే మీ అక్క ఇంకోసారి దేనికన్న పసుపు వెడ్తదా? ఏం జెప్పాల్నో తెల్వక నేను ఊకున్న. నువ్వు దునియ పటం తెచ్చి తగిలిచ్చినవ్. మంచి పని జేసినవ్."

ఇన్ని రోజులు నేను ఆయన్ని మోసం చేస్తున్నాననుకున్నాను. ఆయన నా పాఠాన్ని అక్కకు గొడుగులా పట్టుకుని కూర్చున్నాడు. అక్కకు తెలియదనే ఇద్దరం నమ్మాం.

మరుసటి దసరాకు నేను వెళ్లాను. పూజ పళ్లెం పట్టుకుని అక్క చేనుకు బయల్దేరుతుంటే తోడు పోయాను. బోరు దగ్గర ఆమె మూత తీయలేదు. కొంగు ముడిలోంచి ఒక పాలిథిన్ కవరు తీసి, డబ్బాకు గట్టిగా తొడిగి, తాడు కట్టి, దాని మీద బొట్టు పెట్టింది. నేను ఆమె ముఖం వైపు చూశాను. ఆమె మోటారు వైపు చూసింది.

ఇంటికి వచ్చాక పళ్లెంలో ఇంకా కొంచెం పసుపు మిగిలింది. ఆ ఏడాది పటం మళ్లీ వసారా గోడ మీదే ఉంది, బావ అడిగితే తెచ్చాను. అక్క దాని ముందు నిలబడి, పోయినేడు నేను వేలు పెట్టి చూపించిన చోటు వెతుక్కుని, ఉంగరం వేలితో నిండుగా ఒక బొట్టు పెట్టింది.

"గాడ సుత కాలువ రావాలె" అంది.

ఆ పటం ఇప్పుడు మా బడిలోనే ఉంది. ఎంత తుడిచినా ఆ బొట్టు పోలేదు. మా అక్క పెట్టింది పోతుందా? తూర్పు సముద్రంలో ఆ పచ్చటి చుక్క ఏ దేశం సార్ అని ప్రతి ఏడాదీ కొత్త తరగతి పిల్లలు అడుగుతారు. నేను పేరు చెప్పి, అక్కడ వరి కూడా పండిస్తారని చెప్పి, పాఠం అక్కణ్నుంచే మొదలుపెడతాను.